చెక్క ప్రొపెల్లర్ మార్చాలా? ముందు కొలతలు తీయండి, తర్వాత ఆర్డర్ ఇవ్వండి

"పాత ప్రొపెల్లర్ మీద 68×46 అని ఉంది. అదే సైజు ఇంకొకటి తెప్పించుకుంటే సరిపోతుంది కదా?" సొంతంగా విమానం కట్టుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు కూడా. ఆ అంకెల్లో మొదటిది వ్యాసం, రెండోది పిచ్ (జారుడు లేకపోతే ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు వెళ్లే దూరం), రెండూ అంగుళాల్లో. వ్యాసాన్ని ఎవరు కొలిచినా ఒకటే వస్తుంది. పిచ్ విషయంలో అలా ఉండదు. ఒకరు బ్లేడు వెనుకవైపు చదును ముఖం నుంచి కోణం కొలుస్తారు. ఇంకొకరు ఎయిర్‌ఫాయిల్ అసలు ఎక్కడ లిఫ్ట్ ఇవ్వడం మానేస్తుందో ఆ రేఖ నుంచి లెక్క వేస్తారు. అందుకే ఒకరి 46, మరొకరి 46 ఒకే ఇంజిన్ మీద వేర్వేరు ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఇస్తాయి. పైగా పాతది మీ విమానానికి సరిగ్గా కుదిరిందో లేదో కూడా మనకు తెలియదు.

కాబట్టి మీ విమానం ఇప్పుడు ఏం చేస్తోందో కొలిచి, ఆ కొలతలను తయారీదారుకు ఇవ్వండి. ఈ గైడ్ ఆ వరుసలోనే సాగుతుంది.

1. పాతది ఎందుకు పోయిందో తేల్చుకోండి

వార్నిష్ లేచిపోవడం, ముందు అంచు కొట్టుకుపోవడం, అతికిన పొరల మధ్య పగులు కనిపించడం మామూలు కారణాలు. వీటిలో దేనివల్ల మారుస్తున్నా నేరుగా 2వ అంచెకు వెళ్లొచ్చు.

ప్రొపెల్లర్ నేలకో, మరో వస్తువుకో తగిలి విరిగి ఉంటే మాత్రం ఆగండి. చెక్క విరిగిపోయి దెబ్బను కొంత తీసుకుంటుంది, నిజమే. అంతమాత్రాన క్రాంక్ షాఫ్ట్ క్షేమమని అర్థం కాదు. ఇంజిన్ తయారీదారు చెప్పిన తనిఖీ మొత్తం చేయించాలి. కనీసం ఫ్లాంజ్ (క్రాంక్ షాఫ్ట్ చివర ప్రొపెల్లర్ బిగించే చక్రం లాంటి ముఖం) మీద డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పి, వంకర ఉందేమో చూడాలి. వంగిన ఫ్లాంజ్ మీద కొత్త ప్రొపెల్లర్ బిగిస్తే కొత్తది కూడా పోతుంది. పాత బోల్టులను మళ్లీ వాడకండి.

పాతదాన్ని విప్పాక హబ్ (బ్లేడ్లు కలిసే మధ్య భాగం) వెనుక ముఖాన్ని తప్పకుండా చూడండి. మాడిన నల్లటి మరక, సాగి కోడిగుడ్డు ఆకారంలోకి మారిన బోల్టు రంధ్రాలు, రంధ్రం నుంచి రంధ్రానికి సన్నటి పగుళ్లు ఉంటే ఆ ప్రొపెల్లర్ ఫ్లాంజ్ మీద జారింది. బోల్టులు వదులయ్యాయన్నమాట. కారణం తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే అదే కథ మళ్లీ జరుగుతుంది. దీని వివరం 10వ అంచెలో ఉంది.

2. ఆర్‌పీఎం మీటరును ముందు పరీక్షించండి

దీన్నే చాలామంది వదిలేస్తారు. కేబుల్‌తో నడిచే పాత మీటర్లు 100 ఆర్‌పీఎం అటూఇటూ చూపించడం అరుదేమీ కాదు. అది పిచ్‌లో సుమారు రెండు అంగుళాల తేడాకు సమానం. మీటరు తప్పు చెబితే ఆర్డర్ కూడా తప్పుతుంది. నేనూ ఒకసారి అలాగే పిచ్ ఎక్కువున్న ప్రొపెల్లర్ తెప్పించుకుని, టేకాఫ్ పరుగు పొడవైపోయాక కారణం కోసం వారాల తరబడి ఇంజిన్‌లో వెతికాను. లోపం మీటరులో ఉంది.

పరీక్షించే పద్ధతి సులువు. చేతిలో పట్టుకునే ఆప్టికల్ టాకోమీటర్ తీసుకుని దాన్ని రెండు బ్లేడ్లకు సెట్ చేయండి. కాక్‌పిట్‌లో కూర్చుని, అద్దంలోంచి తిరుగుతున్న బ్లేడ్ల వైపు గురిపెట్టండి. ఇది పగటి వెలుతురులో, ఆరుబయట చేయాలి. ట్యూబ్‌లైట్ల కింద చేస్తే ఆ దీపాల మినుకును కూడా అది లెక్కపెట్టి తప్పు అంకె చూపుతుంది. 1,500, 2,000, 2,500 దగ్గర రెండు అంకెలూ రాసుకుని, తేడాను ప్యానెల్ మీద చిన్న చీటీగా అంటించుకోండి.

3. నేల మీద, గాలిలో కొలతలు

పాత ప్రొపెల్లర్ ఇంకా ఎగరడానికి పనికొచ్చే స్థితిలో ఉంటేనే గాలిలో కొలతలు తీయండి. పగులు ఉంటే ఎగరవద్దు. పాత లాగ్ బుక్‌లో ఉన్న అంకెలతో సరిపెట్టుకోండి.

నేల మీద:

- గాలి లేని ఉదయం వేళ. ఇసుక, కంకర లేని గట్టి నేల.
- చక్రాలకు అడ్డులు, తోకకు గట్టి తాడు. ప్రొపెల్లర్ తిరిగే తలంలో, దాని ముందు ఎవరూ నిలబడకూడదు.
- ఆయిల్ వేడెక్కాక పూర్తి థ్రాటిల్. 10 సెకన్లలో అంకె చూసి తగ్గించేయండి. నిలబడిన విమానంలో ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది.
- ఉష్ణోగ్రత, ఎత్తు, ఆర్‌పీఎం రాసుకోండి.

ఇదే స్టాటిక్ ఆర్‌పీఎం.

గాలిలో: సుమారు 1,000–2,000 అడుగుల ఎత్తులో సమతలంగా, పూర్తి థ్రాటిల్‌తో వేగం స్థిరపడే దాకా రెండు మూడు నిమిషాలు ఎగరండి. ఆర్‌పీఎం ఎర్రగీతను (మీటరు మీద దాటకూడని గరిష్ఠ గుర్తు) తాకబోతే థ్రాటిల్ తగ్గించి, ఎంత వేగం దగ్గర తాకిందో రాసుకోండి. ఎదురుగాలి, వెనుకగాలి దిశల్లో రెండుసార్లు జీపీఎస్ వేగం చూసి సగటు తీస్తే అసలు వేగం దాదాపు తెలుస్తుంది. చివరగా, మంచి ఆరోహణ వేగం దగ్గర పూర్తి థ్రాటిల్‌తో ఆర్‌పీఎం ఎంతో, నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతోందో రాసుకోండి.

4. ఆ అంకెలను ఎలా చదవాలి

స్థిర పిచ్ ప్రొపెల్లర్‌కు ఒక మొరటు కొలబద్ద ఉంది. స్టాటిక్ ఆర్‌పీఎం, ఇంజిన్ గరిష్ఠ ఆర్‌పీఎం కన్నా 10–15 శాతం తక్కువ ఉంటే సాధారణంగా బాగున్నట్టు. కాంటినెంటల్ ఓ-200 ఇంజిన్ 100 హార్స్ పవర్ ఇచ్చేది 2,750 దగ్గర. కాబట్టి నేల మీద సుమారు 2,340–2,475 చూడాలి. నెమ్మదైన, ఎక్కువ డ్రాగ్ (గాలి నిరోధం) ఉన్న విమానాల్లో పై అంకెకు దగ్గరగా, వేగమైన విమానాల్లో కింది అంకెకు దగ్గరగా లేదా ఇంకాస్త తక్కువగా ఉంటుంది.

స్టాటిక్ తక్కువ, గాలిలోనూ గరిష్ఠానికి చేరడం లేదు: పిచ్ ఎక్కువ, లేదా ఇంజిన్ బలహీనం. ఇంతకుముందు బాగానే ఉండి ఇప్పుడు తగ్గితే ముందుగా ఇంజిన్‌ను అనుమానించండి. కార్బురేటర్ హీట్ పూర్తిగా మూసుకుంటోందా, థ్రాటిల్ చివరిదాకా తెరుచుకుంటోందా, కంప్రెషన్ ఎంత ఉంది అని చూడండి. ఇంజిన్ జబ్బుకు ప్రొపెల్లర్ మందు కాదు.

స్టాటిక్ బాగానే ఉంది, సమతలంలో ఎర్రగీత దాటుతోంది: విమానం మీరు అనుకున్నదానికన్నా వేగమైనది. పిచ్ పెంచాలి.

స్టాటిక్ తక్కువ, కానీ సమతలంలో గరిష్ఠానికి చేరుతోంది: ఇది క్రూజ్ ప్రొపెల్లర్ (దూర ప్రయాణంలో వేగం కోసం పిచ్ ఎక్కువ ఉంచినది) లక్షణం. తప్పేమీ లేదు. మీ రన్‌వే పొట్టిదైతే మాత్రం ఒకటి రెండు అంగుళాలు తగ్గించి, క్రూజ్ వేగంలో కొంత వదులుకోవడం మంచిదని నా అభిప్రాయం. పిచ్ ఎక్కువైతే టేకాఫ్ పరుగు పెరిగి, ఆరోహణ మందగిస్తుంది. ప్రమాదాలు అక్కడే పొంచి ఉంటాయి. క్రూజ్‌లో పది కిలోమీటర్లు తగ్గితే ఎవరికీ ప్రాణం మీదికి రాదు.

స్టాటిక్ ఎక్కువే, అయినా ఎక్కడం లేదు: వ్యాసం మరీ చిన్నది కావచ్చు. ఇంజిన్ సులువుగా తిరుగుతోంది కానీ గాలిని తగినంత పట్టడం లేదు.

పిచ్ ఒక అంగుళం మారిస్తే చాలా డైరెక్ట్ డ్రైవ్ (గేరుబాక్సు లేని) ఇంజిన్లలో సుమారు 40–60 ఆర్‌పీఎం మారుతుంది. ఇది అంచనాకు పనికొస్తుంది, హామీ కాదు.

5. వ్యాసం: ఎంత పెద్దది పట్టుతుంది?

నెమ్మదిగా ఎగిరే విమానానికి వ్యాసం ఎంత పెద్దదైతే అంత మేలు. కానీ దాన్ని రెండు విషయాలు ఆపుతాయి.

మొదటిది కొస వేగం, అంటే బ్లేడు చివర గాలిలో తిరిగే వేగం. ఇలా లెక్కించండి:

3.1416 × వ్యాసం మీటర్లలో × ప్రొపెల్లర్ ఆర్‌పీఎం ÷ 60 = సెకనుకు మీటర్లు

68 అంగుళాలు అంటే 1.727 మీటర్లు. 2,750 దగ్గర కొస వేగం సుమారు 249 మీటర్లు. 15 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సుమారు 340. అంటే ధ్వనిలో 73 శాతం. చెక్క బ్లేడు లోహపు బ్లేడు కన్నా మందం, అందుకే కొస దగ్గర ఇబ్బంది ముందే మొదలవుతుంది. 260 దాటకుండా చూసుకోవడం నా అలవాటు. దాటాక శక్తి థ్రస్ట్‌గా మారాల్సింది పోయి శబ్దంగా మారుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ చూస్తాను. రోటాక్స్ 912 లాంటి గేరుబాక్సు ఇంజిన్లలో లెక్కకు ఇంజిన్ ఆర్‌పీఎం వాడకూడదు. గేరు నిష్పత్తి 2.43 అయితే 5,800 ఇంజిన్ ఆర్‌పీఎం దగ్గర ప్రొపెల్లర్ తిరిగేది సుమారు 2,390 మాత్రమే. 80 హార్స్ పవర్ మోడల్ నిష్పత్తి 2.27. మీది ఏదో చూసుకోండి.

రెండోది నేలకు ఎడం. అమెరికా చిన్న విమానాల పాత సర్టిఫికేషన్ నియమాల్లో ముందుచక్రం ఉన్నవాటికి 7 అంగుళాలు, తోకచక్రం ఉన్నవాటికి 9 అంగుళాలు కనీసం ఉండాలని ఉంది. తోకచక్రం విమానాన్ని టేకాఫ్ భంగిమలో, అంటే తోక పైకెత్తి కొలవాలి. టైరులో గాలి పోయినా, స్ట్రట్ కుంగినా బ్లేడు నేలను తాకకూడదు. ఈ కొలత మీ విమానానికి చట్టం కాకపోయినా పాటించదగ్గది.

ఉన్న ప్రొపెల్లర్ కొసలను ఇంట్లో కత్తిరించి వ్యాసం తగ్గించకండి. ప్రొపెల్లర్ పీల్చే శక్తి వ్యాసంతో చాలా నిటారుగా మారుతుంది, అదే ఆకారం, అదే ఆర్‌పీఎం అయితే దాదాపు అయిదో ఘాతం. అదీగాక సమతూకం, కొస పూత, లోపలికి తడి వెళ్లకుండా ఆపే మూత అన్నీ పోతాయి.

6. పిచ్‌కు మొదటి అంచనా

వేగం గంటకు కిలోమీటర్లలో = పిచ్ అంగుళాల్లో × ఆర్‌పీఎం × 0.001524

తిప్పి రాస్తే, మీ విమానం పూర్తి థ్రాటిల్‌లో గంటకు 190 కిలోమీటర్లు వెళ్తుంటే, అప్పుడు ఇంజిన్ 2,750 తిరగాలనుకుంటే:

190 ÷ (2,750 × 0.001524) = సుమారు 45 అంగుళాలు

ఇది జారుడు లేదనుకుని వేసిన లెక్క. కొలిచే పద్ధతిని బట్టి అసలు ప్రొపెల్లర్ మీద ముద్రించిన అంకె ఇంతకన్నా కొన్ని అంగుళాలు ఎక్కువగానో, దగ్గరగానో ఉండొచ్చు. ఈ అంచనాను తయారీదారుతో మాట్లాడేటప్పుడు పోల్చుకోవడానికి మాత్రమే వాడండి. ఆయన చెప్పిన అంకెకూ దీనికీ మధ్య పది అంగుళాల తేడా వస్తే, ఎక్కడో ఒక కొలత తప్పుగా వెళ్లిందని అర్థం.

వేగంగా ఇచ్చేది మీరు కొలిచిన వేగం అయి ఉండాలి. ప్లాన్లు అమ్మినవాళ్ల కరపత్రంలోని వేగం ఇచ్చి పిచ్ ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు చాలామంది.

7. హబ్ దగ్గర తప్పులు

తిరిగే దిశ ముందు రాయండి. కాక్‌పిట్‌లోంచి చూసినప్పుడు గడియారం దిశలో తిరిగేది ఒక రకం, ఎదురు దిశలో తిరిగేది ఇంకో రకం. లైకమింగ్, కాంటినెంటల్ ఇంజిన్లు మామూలుగా గడియారం దిశ. వోక్స్‌వ్యాగన్ కారు ఇంజిన్‌ను మార్చి వాడేవాళ్లు జాగ్రత్తపడాలి. ప్రొపెల్లర్‌ను పుల్లీ వైపు బిగిస్తే ఒక దిశ, ఫ్లైవీల్ వైపు బిగిస్తే దానికి వ్యతిరేక దిశ. ఇంజిన్ వెనుక ఉండే పుషర్ అయితే అది కూడా స్పష్టంగా చెప్పాలి.

బోల్టు వృత్తం మీరే కొలవండి. ఎస్‌ఏఈ 1 ఫ్లాంజ్ అంటే 4 3/8 అంగుళాల వృత్తం మీద 3/8 అంగుళాల బోల్టులు ఆరు. ఎస్‌ఏఈ 2 అంటే 4 3/4 అంగుళాల వృత్తం, 7/16 లేదా 1/2 అంగుళాల బోల్టులు ఆరు. ఈ రెంటినీ కంటితో గుర్తుపట్టలేం. ఒక రంధ్రం మధ్య నుంచి ఎదుటి రంధ్రం మధ్యకు కాలిపర్‌తో చూడండి. వేరే వృత్తానికి తొలిచిన ప్రొపెల్లర్‌ను మళ్లీ తొలిచి వాడొద్దు. రంధ్రాల మధ్య మిగిలే చెక్క చాలదు.

ఫ్లాంజ్ నుంచి ముందుకు పొడుచుకువచ్చే బుష్‌లు ఉంటే వాటి వ్యాసం, పొడవు రెండూ రాయండి. హబ్ వెనుక వాటికోసం చేసిన గుంటలు లోతు తక్కువైతే, హబ్ బుష్‌ల మీద కూర్చుంటుంది, ఫ్లాంజ్ ముఖాన్ని తాకదు. టార్క్ రెంచ్ (బోల్టును ఎంత బలంతో తిప్పామో, అంటే టార్క్ ఎంతో చూపే పనిముట్టు) సరైన అంకె చూపిస్తుంది, బిగింపు మాత్రం ఉండదు. బయటికి ఏమీ తెలియదు కాబట్టి ఇది అన్నిటికన్నా ప్రమాదం.

8. లోహం నుంచి చెక్కకు మారుతుంటే

బరువు తగ్గుతుంది, అదీ ముక్కు చివర. 450 కిలోల విమానంలో, బరువు కేంద్రానికి 1.5 మీటర్ల ముందు 6 కిలోలు తగ్గాయనుకోండి. కేంద్రం సుమారు 2 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. వెనుక హద్దుకు దగ్గరగా ఉన్న విమానానికి ఇది చిన్న విషయం కాదు. ఆర్డర్ ఇవ్వకముందే లెక్క వేయండి, బిగించాక మళ్లీ తూకం వేయండి.

చెక్క హబ్ మందం ఎక్కువ. బోల్టులు పొడవు మారతాయి, స్పిన్నర్ (హబ్ మీది శంకువు మూత), కౌలింగ్ (ఇంజిన్ కప్పు)తో ఎడం మారుతుంది. లోహపు ప్రొపెల్లర్‌కు వాడిన టార్క్ చెక్కకు వాడితే పీచు నలిగిపోతుంది.

9. ఆర్డర్ కాగితం

చెక్క విషయంలో బీచ్, బర్చ్, మేపుల్ లాంటి గట్టి చెక్కను పొరలుగా అతికినది మామూలు. వాన తగిలే అవకాశం ఉంటే ముందు అంచుకు రక్షణ పూతో, పట్టీనో అడగండి. దీనికి కొంచెం బరువు, ఖర్చు పెరిగినా నేను వదులుకోను. వాన చినుకు పూర్తి ఆర్‌పీఎంలో వార్నిష్‌ను ఇసుక కాగితంలా గీకేస్తుంది.

తయారీదారుకు పంపాల్సినవి:

- ఇంజిన్ మోడల్, హార్స్ పవర్, ఎంత ఆర్‌పీఎం దగ్గర, గేరు నిష్పత్తి
- విమానం పేరు, పూర్తి బరువు, స్టాల్ వేగం
- స్టాటిక్ ఆర్‌పీఎం, ఆరోహణ ఆర్‌పీఎం, పూర్తి థ్రాటిల్‌లో సమతల వేగం, ఆర్‌పీఎం, ఎత్తు, ఉష్ణోగ్రత
- పాత ప్రొపెల్లర్ తయారీ, అంకెలు, అది మీకు నచ్చనిది ఏమిటి
- పట్టే గరిష్ఠ వ్యాసం
- తిరిగే దిశ, ప్రొపెల్లర్ ఇంజిన్‌కు ముందా, వెనుకా
- బోల్టు వృత్తం, బోల్టు సైజు, మధ్య రంధ్రం, బుష్‌ల కొలతలు
- మీకు కావలసింది: పొట్టి రన్‌వేనా, దూర ప్రయాణమా

ఇంకో మాట అడగండి: ఆర్‌పీఎం తేడా వస్తే మళ్లీ చెక్కి సరిచేస్తారా? మంచి తయారీదారులు చాలామంది ఒప్పుకుంటారు. ముందే రాతలో తీసుకోండి.

10. బిగించడం

చెక్క ప్రొపెల్లర్‌ను తిప్పేది ప్రధానంగా ఫ్లాంజ్ ముఖానికీ హబ్ ముఖానికీ మధ్య ఉన్న రాపిడి. బోల్టులు ఆ రెండు ముఖాలను నొక్కి పట్టుకోవడానికి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ తిప్పుడు ఒకేలా ఉండదు, ప్రతి పేలుడికీ ఒక కుదుపు ఇస్తుంది. నొక్కు చాలకపోతే హబ్ ఆ కుదుపుకు కొద్దికొద్దిగా జారి, వేడెక్కి, మాడుతుంది. తర్వాత బోల్టులు తెగుతాయి. ముందు చెప్పిన నల్లటి మరక అదే.

వరుస ఇది:

1. ఇగ్నిషన్ ఆపి, ఒక్కో సిలిండర్ నుంచి ఒక ప్లగ్ తీసేయండి.
2. రెండు ముఖాలు నూనె, గ్రీజు లేకుండా తుడవండి.
3. ప్రొపెల్లర్ పెట్టి, దాని ముందువైపు క్రష్ ప్లేటు (బోల్టుల నొక్కును చెక్క మీద సమంగా పరిచే లోహపు పలక) వేయండి. అది చదునుగా ఉందో స్కేలు పెట్టి చూడండి. ఇది లేకుండా వాషర్లతో బిగించకండి, అవి చెక్కలోకి దిగిపోతాయి.
4. ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో బిగించండి. టార్క్ అంకె ప్రొపెల్లర్ తయారీదారు పట్టికలోదే వాడండి. నట్‌కు సొంత పట్టు ఉంటే, అంటే బిగించకముందే ఊరికే తిప్పడానికి కూడా బలం కావాల్సి వస్తే, ఆ పట్టును కూడా కలపాలి.
5. బోల్టు మర అడుగుకు తగిలి ఆగిపోలేదని నిర్ధారించుకోండి. టార్క్ వచ్చినట్టు మోసం చేసే రెండో చోటు ఇదే.
6. కొసల వరుస చూడండి. నేల మీద ఒక పెట్టె పెట్టి, ఒక కొస దాన్ని తాకేలా జరిపి, చేత్తో తిప్పి రెండో కొస చూడండి. తేడా 1/8 అంగుళం లోపు ఉండాలి. ఎక్కువైతే విప్పి ముఖాలు మళ్లీ తుడిచి, బిగించి చూడండి. అప్పటికీ పోకపోతే తయారీదారును అడగండి.
7. తలల్లో రంధ్రాలున్న బోల్టులైతే, అవి వదులై తిరిగిపోకుండా కట్టే సేఫ్టీ వైరు.

11. మొదటి 50 గంటలు

ముందు నేల మీద స్టాటిక్ ఆర్‌పీఎం చూడండి. మీ 3వ అంచె కొలతతో పోల్చండి. ఎర్రగీత దాటే ప్రమాదం లేదని తేలాకే ఎగరండి. మొదటి ఫ్లైట్ ఎయిర్‌ఫీల్డ్ మీదే, ఎత్తు ఉంచుకుని. ప్రొపెల్లర్ మార్పు మీ దేశపు విమానయాన అధికారుల నియమాల్లో పెద్ద మార్పుగా లెక్కకొస్తుందేమో ముందే చూసుకోండి, లాగ్ బుక్‌లో రాయండి.

టార్క్ మళ్లీ చూడాల్సిన సమయాలు:

- మొదటి ఫ్లైట్ అయిన వెంటనే
- 25 గంటల దగ్గర
- ఆ తర్వాత ప్రతి 50 గంటలకు
- తడి కాలం పోయి పొడి కాలం మొదలైనప్పుడు

ఆఖరిది మరవకండి. తడిలో చెక్క ఉబ్బి ప్లేటు కింద నలుగుతుంది. ఎండాక కుంచించుకుని బోల్టులు వదులవుతాయి. సేఫ్టీ వైరు కోసి మళ్లీ వేయడం శ్రమే, కానీ ఈ తనిఖీకి వేరే దారి లేదు.

ఆపినప్పుడు బ్లేడ్లు అడ్డంగా ఉండేలా ఉంచండి. నిలువుగా వదిలేస్తే తడి కింది బ్లేడులోకి దిగి సమతూకం పోతుంది. వదలని కుదుపు ఉంటే, ప్రొపెల్లర్‌ను ఫ్లాంజ్ మీద 180 డిగ్రీలు తిప్పి బిగించి ఎగిరి చూడండి. కుదుపు స్వభావం మారితే బిగింపునో, సమతూకాన్నో వెతకాలి. మారకపోతే ఇంజిన్ మౌంట్లు, స్పిన్నర్ చూడండి.

పది గంటలు ఎగిరాక 3వ అంచెలోని కొలతలన్నీ మళ్లీ తీయండి, అదే మీటరుతో, వీలైతే అదే ఎత్తులో. సమతలంలో గరిష్ఠం కన్నా 100కు మించి తక్కువగా గానీ, ఎర్రగీత పైన గానీ ఉంటే రెండు సెట్ల అంకెలూ తయారీదారుకు పంపి, పిచ్ సరిచేయమని అడగండి.